చిత్రకారుడు దామెర్ల రామారావు

మన బమ్మెర పోతనామాత్యుని భాగవతమునందలి ఉషాపరిణయ కథను విననివారు ఈ ప్రాంతమున అరుదు. బాణాసురుని కూతురు ఉష కలలో ఒక రాకుమారుని చూచి, అతడెవరో తెలియక కృశించుచుండగా, చెలికత్తె చిత్రలేఖ దేవతలను, గంధర్వులను, భూమిమీది రాజులను వరుసగా చిత్రించి చూపెను. అనిరుద్ధుని రూపము వచ్చినంతనే ఉష సిగ్గుతో తల వంచుకొనెను. మాటలకు అందని దానిని చిత్రము తెలిపినది. ఆ ఘట్టము చదివినపుడెల్ల నాకొక చింత కలుగుచుండును. కథలోని చిత్రలేఖ పేరు మనకందఱకు తెలియును. కాని తెలుగు స్త్రీపురుషులను, తెలుగు నదిని, తెలుగు కొండలను రంగులలో నిలిపి వెళ్ళిన దామెర్ల రామారావు పేరు మన పల్లెలలో ఎందఱకు తెలియును?

లెక్కలు వ్రాయుట నా వృత్తి. చిత్రకళయందు నాకు పాండిత్యము లేదు. మన గ్రంథాలయము వెలసి ఇరువదియైదు వత్సరములు నిండిన ఈ శుభసమయమున, చదివి తెలిసికొన్నంతవరకు ఆ మహనీయుని జీవితమును పాఠకులకు నివేదించుచున్నాను. ఇందులో నా స్వార్థమును కొంత కలదు. దానిని చివర విన్నవించుకొందును.

మన పాత వరంగల్లు జిల్లా తూర్పుకొసను ఏటూరునాగారము కడ ఒరసికొని పాఱెడు గోదావరియే, భద్రాచలము దాటి, పాపికొండల నడుమ ఇఱుకుకొని, రాజమహేంద్రవరము చేరునప్పటికి సముద్రమువలె విశాలమగును. ఆ రాజమహేంద్రవరమున 1897వ సంవత్సరము మార్చి 8వ తేదీన రామారావు జన్మించెను. తండ్రి వేంకటరమణరావు వైద్యుడు. చదువుకొన్న కుటుంబము. అట్టి యింటి బాలునకు వైద్యమో, న్యాయవాద వృత్తియో, ప్రభుత్వోద్యోగమో తగినదని నాటివారి తలంపు. చిత్రలేఖనము జీవనోపాధి యగునని ఎవరును అనుకొనెడివారు కారు. గుడి గోడలమీద చిత్రములు వ్రాయువారు, మన చేర్యాల నకాషీలవలె పటములు వ్రాయువారు ఉండిరిగాని, వారి విద్య కులవృత్తిగా తండ్రినుండి కొడుకునకు సంక్రమించునది. చదువుకొన్నవాని కొడుకు కుంచె పట్టుట అప్పటికి క్రొత్త సంగతి.

ఆ కాలమున దేశమందలి చిత్రకళ రెండు త్రోవలుగా చీలి యుండెను. మొదటిది రవివర్మ త్రోవ. 1906లో కీర్తిశేషుడైన రవివర్మ, పాశ్చాత్యుల తైలవర్ణ పద్ధతిలో మన పురాణపాత్రలను చిత్రించెను. ఆయన స్థాపించిన ముద్రణాలయము మూలమున లక్ష్మీ సరస్వతుల పటములు ఇంటింట గోడలకెక్కినవి. రెండవది కలకత్తా త్రోవ. అచ్చట అవనీంద్రనాథ ఠాకూరు, జపాను చిత్రకారులతోడి పరిచయము వలన, నీటిరంగులలో ఒక నూతన పద్ధతిని కల్పించెను. చిత్రించిన కాగితమును నీట తడిపి, అద్ది, ఆరిన పిమ్మట మరల రంగు పూయుట ఆ పద్ధతి. దానివలన చిత్రము మంచుతెర వెనుక నుండి చూచినట్లు మృదువుగా కనబడును. 1905లో ఆయన వ్రాసిన భారతమాత చిత్రము స్వదేశోద్యమ కాలమున దేశమంతట ప్రసిద్ధి కెక్కెను. అంతకంటె పూర్వపుదైన త్రోవ ఒకటి కలదు. అది అజంతా గుహలలోనిది. 1956వ సంవత్సరము వఱకు అజంతా మన హైదరాబాదు రాష్ట్రమునకు చెందియుండినదని నేటి పిల్లలకు తెలియకపోవచ్చును.

ఇట్లుండగా 1909లో ఆస్వాల్డ్ కూల్డ్రే అను ఆంగ్లేయుడు రాజమహేంద్రవరము ప్రభుత్వ కళాశాలకు అధ్యక్షుడుగా వచ్చెను. ఆయన కవి, కథకుడు, స్వయముగా చిత్రకారుడు. దొరలు క్లబ్బులలో ప్రొద్దు పుచ్చెడి ఆ దినములలో ఈయన సాయంకాలము శిష్యులను వెంటబెట్టుకొని గోదావరి గట్టుమీద తిరిగెడివాడు. నది, పడవలు, కొండలు, పల్లెజనము ఆయన కళ్ళకు విందు. స్వదేశమునకు మరలిన పిమ్మట ఈ ప్రాంతమును తలచుకొని 1924లో సౌత్ ఇండియన్ అవర్స్ అను గ్రంథమును ప్రకటించెను. అడివి బాపిరాజు, కవికొండల వేంకటరావు ఆయన చేతిలో తీర్చబడినవారే. బాలుడైన రామారావు చేతిలోని నేర్పును మొదట గుర్తించినవాడును ఆయనయే. కన్నతండ్రి జన్మమిచ్చినచో, కూల్డ్రే ఆ జన్మమునకు ప్రయోజనము చూపించెను.

రామారావు తైలవర్ణములలోను చిత్రములు వ్రాసెను. కాని ఆయన మిగిల్చిపోయిన చిత్రములలో నీటిరంగులవే మిక్కిలి హెచ్చు. కావున క్రొత్తగా కుంచె పట్టువానికి ఈ నీటిరంగుల విద్య ఎట్టిదో కొంచెము చెప్పక ఆయన శ్రమ మనకు బోధపడదు.

నీటిరంగు అనగా మెత్తగా నూఱిన రంగుపొడిని తుమ్మజిగురు వంటి బంకతో కలిపి చేసినది. బంక రంగును కాగితమునకు పట్టియుంచును. నీరు దానిని పలుచబఱచి నడిపించి, ఆరిపోవును. మన చేర్యాల పటములకు గుడ్డమీద సుద్ద, చింతగింజల బంక మొదలగునవి పూసి, గట్టినేల చేసికొని, దానిమీద దట్టమైన రంగులు నింపుదురు. అందు క్రిందిది కనబడదు. నీటిరంగుల తీరు వేఱు. రంగు గాజువలె పారదర్శకము. దానిగుండ కాగితపు తెలుపు పైకి వెలుగుచుండును. ఆ తెలుపే చిత్రమునకు వెలుతురు. తెల్లని చీరకు, నీటిమీది మెఱుపునకు, ఎండపడిన గోడకు రంగు పూయరాదు. ఆ చోటును ఖాళీగా విడువవలెను. వ్రాయుటకంటె విడుచుట తెలిసినవాడే ఈ విద్యలో నేర్పరి.

ఇందువలన క్రొత్తవానికి కలుగు కష్టములు మూడు. మొదటిది కాగితము. పలుచని కాగితము తడిసి ముడతలు పడును. అందుచే దళసరి కాగితమును ముందుగా తడిపి, పలకమీద పఱచి, అంచులు బంకతో అంటించి ఆరనీయవలెను. ఆరిన పిదప అది తప్పెటవలె బిగియును. రెండవది క్రమము. తైలచిత్రమున ముదురు రంగుమీద లేతరంగు వేయవచ్చును. ఇచ్చట లేతరంగుతో మొదలిడి క్రమముగా ముదురునకు పోవలెనేకాని వెనుకకు వచ్చు దారి లేదు. మూడవది ఓర్పు. ఒక పూత ఆరకముందే రెండవది పూసినచో రెండును కలిసి బురద యగును. అయినను ఆకాశము వంటి చోట్ల రంగులు ఒకదానిలో ఒకటి కరగవలెనన్నచో తడిమీదనే వేయవలెను. ఎప్పుడు ఆగవలెనో, ఎప్పుడు ఆగరాదో కన్ను, చేయి కలిసి నేర్చుకొనవలసినదేకాని గ్రంథము చదివి వచ్చునది కాదు.

మా లెక్కలవారికిని ఇట్టి నియమమొకటి కలదు. దస్త్రమున పడిన తప్పును గీకి దిద్దరాదు. గీకిన చోటు పదిమందికి అనుమానము కలిగించును. నీటిరంగులలోను గీకి దిద్దిన చోటు కంటికి ముల్లువలె గుచ్చుకొనును. కాబట్టి కుంచె తడుపక పూర్వమే ఏమి చేయవలెనో మనస్సున నిశ్చయించుకొనవలెను. రామారావు తన వెనుక ఇరువదికి పైగా చిత్తుపుస్తకములు విడిచిపోవుటలోని రహస్యమిదియే. గోదావరి గట్టుమీద, సంతలలో, ప్రయాణములలో, మనుష్యుల నడకను, కూర్చుండు తీరును, చేతుల వంపును పెన్సిలుతో ఆ పుస్తకములలో ఎక్కించుకొనెను. కుంచె చేత బట్టునప్పటికి రూపము చేతిలో సిద్ధముగా ఉండెడిది.

1916లో కూల్డ్రే ప్రోత్సాహమున రామారావు బొంబాయి వెళ్ళి జె. జె. చిత్రకళాశాలలో ప్రవేశించెను. అచ్చటి అధ్యక్షుడు సెసిల్ బర్న్స్ ఈ తెలుగు యువకుడు తెచ్చిన చిత్రములు చూచి, మొదటి తరగతులు అక్కరలేదని, నేరుగా మూడవయేటి తరగతిలో చేర్చుకొన్నట్లు చెప్పుదురు. నాలుగేండ్లు అచ్చట శ్రమించి, 1920లో విద్య ముగించెను. మనుష్యదేహ నిర్మాణము, వెలుగునీడల పొందిక, దూరపు వస్తువులు చిన్నవిగా కనబడు లెక్క, ఇవన్నియు పాశ్చాత్య పద్ధతిలో అభ్యసించెను. అజంతా గుహలు చూచెను. ఘూర్జరదేశమున సంచరించి అచ్చటి జనుల వేషభాషలను పరికించెను. వంగదేశమునకు పోయి ఆ చిత్రకారుల పనిని గమనించెను.

ఇచ్చట రామారావు ఎదుట ఒక ధర్మసందేహము నిలిచెను. బొంబాయి నేర్పినది పాశ్చాత్యరీతి. దేశమంతట గౌరవము పొందుచున్నది వంగరీతి. ఆ రోజులలోనే బందరు జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చటర్జీ వంగరీతిని తెలుగు యువకులకు బోధించుచుండెను. రెండింటిలో దేనిని పట్టుకొన్నను పేరు రాక మానదు. రామారావు రెండింటిని గౌరవించెను. దేనికిని దాసుడు కాలేదు. బొంబాయినుండి రూపపు గట్టిదనమును, వంగదేశమునుండి రంగుల మృదుత్వమును, అజంతానుండి రేఖయొక్క వంపును గ్రహించి, వానిని గోదావరి నీటిలో కలిపెను. ఆయన చిత్రములలోని స్త్రీలు తెలుగు స్త్రీలు. కట్టు తెలుగుకట్టు, జడ తెలుగుజడ. చిత్రములకు ఆదర్శమూర్తిగా భార్య సత్యవాణీదేవియే కూర్చుండెడిది. ఆమెయు, ఆయన చెల్లెలు బుచ్చికృష్ణమ్మయు ఆయన వద్ద కుంచె పట్ట నేర్చిరి. స్త్రీలు అక్షరములు నేర్చుటయే అరుదైన ఆ దినములలో ఇది సామాన్య విషయము కాదు.

బొంబాయిలోనే నిలిచినచో ధనమును, పేరును లభించియుండును. ఆయన సొంతయూరు చేరుకొని, 1922వ సంవత్సర ప్రాంతమున రాజమహేంద్రవరమున చిత్రకళాశాలను నెలకొల్పెను. తాను నేర్చినదానిని తెలుగు పిల్లలకు తెలుగులోనే చెప్పవలెనని ఆయన సంకల్పము. ప్రాణమిత్రుడు వరదా వేంకటరత్నము ఆయనకు కుడిభుజమై నిలిచెను. గురువు తనకు చేసిన మేలును గురువునకే తిరిగి ఇచ్చుట సాధ్యము కాదు. తన తరువాతివారికి ఇచ్చినపుడే ఆ ఋణము తీరును. రామారావు ఈ ధర్మమును ఎఱిగినవాడు.

ఋష్యశృంగ బంధనము, సిద్ధార్థ రాగోదయము, పుష్పాలంకరణ, కార్తిక పూర్ణిమ మున్నగునవి ఆయన చిత్రములలో ప్రసిద్ధములు. ఋష్యశృంగుని కథ మనకు రామాయణ భారతములలో ఉన్నది. స్త్రీముఖమెఱుగని మునికుమారుని వేశ్యలు మాయచేసి తమ రాజ్యమునకు కొనిపోయిన వృత్తాంతమది. ఆ చిత్రమునకు కలకత్తా ప్రదర్శనమున వైస్రాయి బహుమానము లభించెను. 1924లో ఇంగ్లండునందలి వెంబ్లీలో జరిగిన మహాప్రదర్శనమునకును ఆయన పని చేరినది. గోదావరి గట్టున మొదలైన కుంచె సముద్రములు దాటెను. అప్పటికి ఆయన వయస్సు 27 ఏండ్లు.

ఇక వ్రాయుటకు చేయి రాని సంగతి. 1925వ సంవత్సరము ఫిబ్రవరి 6వ తేదీన మశూచి సోకి రామారావు కన్నుమూసెను. 28 సంవత్సరములు నిండుటకు ఒక్క నెల కొఱత. తండ్రి వైద్యుడు. మశూచికి టీకా ఇంగ్లండులో 1796లోనే కనుగొనబడి, మన దేశమునకును ఎప్పుడో వచ్చియుండెను. అయినను విధి తప్పలేదు. ఆ వ్యాధిని మన పెద్దలు అమ్మవారని మ్రొక్కి, వేపమండలు కట్టి, ప్రతి వేసవియందును భయముతో గడపినవారే. భారతదేశము మశూచి లేని దేశమని 1977లో నిర్ణయింపబడెను. 1980లో ప్రపంచమంతయు దానినుండి విముక్తమైనదని ప్రకటింపబడెను. ఎన్ని ఇండ్లలో ఎందఱు చిత్రలేఖలను, ఎందఱు రామారావులను అది కొనిపోయినదో లెక్క కట్టగల లెక్కరి లేడు.

చిత్రకళాశాల ఆయనతో అంతరింపలేదు. మిత్రుడు వేంకటరత్నము దానిని తన బిడ్డవలె సాకెను. రామారావు చిత్రములు చెదరిపోకుండ ఆయన పేరనే రాజమహేంద్రవరమున ఒక చిత్రశాల ఏర్పడి, తరువాత ప్రభుత్వ సంరక్షణమునకు వచ్చినది. 30కి పైగా తైలవర్ణ చిత్రములు, 100కు పైగా నీటిరంగుల చిత్రములు, లెక్కకు మిక్కిలి రేఖాచిత్రములు, ఇది ఆయన విడిచిన ఆస్తి. బొంబాయినుండి మరలిన పిదప ఆయనకు దక్కిన కాలము అయిదేండ్లకంటె తక్కువ. ఆ కొద్దికాలములో ఇంత పని జరిగినదన్నచో ఒక్క దినమైనను వృథాపుచ్చలేదని తెలియుచున్నది.

ఇపుడు మొదట చెప్పిన నా స్వార్థమును విన్నవింతును. మన గ్రంథాలయము వెలసిన తొలి సంవత్సరములలో పుస్తకముల లెక్క నా చేతిలో ఉండెడిది. ఒక యేడు తనిఖీ చేయుచుండగా, ఒక కథల పుస్తకము చివర ఖాళీపుటమీద ఎవరో బొమ్మ వ్రాసినట్లు కనబడెను. చెఱువునీటిలో మెడవఱకు మునిగిన రెండు ఎనుములు. నీలపు సిరాను నీటితో పలుచచేసి వ్రాసిన బొమ్మ. విచారింపగా పదునొకండేండ్ల బాలుడు చేసిన పని యని తేలినది. గ్రంథాలయపు సొత్తును పాడుచేసినావని పదిమందిలో వానిని మందలించితిని. వాని తండ్రివద్ద అయిదు రూపాయలు వసూలు చేసి జమకట్టితిని. నియమము ప్రకారము నేను చేసినది తప్పు కాదు. ఆ బాలుడు మరల గ్రంథాలయపు గడప త్రొక్కలేదు. కొన్నాళ్ళకు ఆ కుటుంబము ఊరు విడిచి వెళ్ళినది.

రామారావు జీవితమును, నీటిరంగుల పద్ధతిని చదివిన తరువాత, ఒకనాడు ఆ పుస్తకమును బీరువానుండి తీసి మరల చూచితిని. ఎనుముల వీపులమీద ఎండ పడుచోట సిరా లేదు. నీటి మెఱుపులున్న చోటను సిరా లేదు. కాగితము తెల్లగా విడువబడి యున్నది. దూరపు గట్టునకు లేత సిరా, దగ్గఱి ఎనుమునకు ముదురు సిరా. ఎవరును చెప్పకయే ఆ బిడ్డ వెలుతురును విడుచుట నేర్చుకొనియుండెను. కూల్డ్రే దొర ఆ పుట చూచినచో ఏమి చేసియుండునో నాకు తెలియును. నేనేమి చేసితినో నా చేతివ్రాతతోనే జమాఖర్చు పుస్తకమున ఉన్నది. దానిని గీకి దిద్దుటకు వీలు లేదు.

ప్రతి పిల్లవాడును రామారావు కాడు. అందఱు కావలసిన అవసరమును లేదు. కాని ఒక గోదావరి యూరిలో ఒక ఉపాధ్యాయుని కన్ను ఒక బాలునిపై నిలిచినందున తెలుగువారికి ఒక చిత్రకారుడు లభించెను. అట్టి కన్ను ప్రతి యూరికిని కావలెను. మనకు పాలకుర్తి సోమనాథుడు పొరుగువాడు, పోతన పొరుగువాడు. రామప్పగుడి శిల్పులు మన కాకతీయుల కాలపువారే. రూపము చూచు కన్ను ఈ గడ్డకు క్రొత్త కాదు.

కార్యవర్గమువారికి నా మనవి ఇది. పిల్లలు కూర్చుండు మూలలో ఒక బల్ల వేసి, దానిమీద దళసరి తెల్లకాగితములు, పసుపు, ఎఱుపు, నీలము రంగుల బిళ్ళలు, రెండు కుంచెలు, ఒక నీటిగిన్నె ఉంచుడు. ఆ మూడు రంగులు కలుపుకొన్నచో తక్కిన రంగులలో పెక్కు లభించును. మొదటిసారి బురద యగును. పదియవసారియు కావచ్చును. ఎవరును వారిని మందలింపకుండుగాక. ఈ రజతోత్సవము నాటికి ఒక రంగుల పెట్టెను, రెండు కుంచెలను గ్రంథాలయమునకు సమర్పించుచున్నాను. దీనిని దానమని వ్రాయవలదు. అయిదు రూపాయల పాతబాకీ క్రింద జమకట్టుడు.